నోటిలో అరుదైన గడ్డ: అమిలాయిడ్ గురించి సంఘం తెలుసుకోవలసింది



సంఘంలో ఎవరికైనా నాలుక మీదనో, బుగ్గ లోపలనో గడ్డ కనబడిందని తెలియగానే మనకు తట్టే మొదటి మాట క్యాన్సర్. పైకి అనకపోయినా మన చూపులు ఆ మాట చెప్పేస్తాయి. ఆ భయానికి కారణం లేకపోలేదు. గుట్కా, ఖైనీ, పొగాకు కిళ్లీ ఎన్ని నోళ్లను పాడుచేశాయో మన ఊళ్లలోనే చూస్తున్నాం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరంలో చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని వైద్యులు ఎప్పుడో గుర్తించారు. కాబట్టి నోటిలో గడ్డ అంటే ఉలిక్కిపడటం సహజమే.

అయినా నోటిలో వచ్చే ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. పన్ను ఒరుసుకుని పెరిగిన కండ కావచ్చు, ఉమ్మి నాళం మూసుకుపోయి ఉబ్బిన నీటి బుడగ కావచ్చు, రక్తనాళాల ముద్ద కావచ్చు. బహు అరుదుగా మరొకటి కూడా ఉంటుంది. ముక్క తీసి పరీక్షకు పంపితే వచ్చిన కాగితం మీద ‘అమిలాయిడ్’ అని రాసి ఉంటుంది. ఆ మాట ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. ఫోన్‌లో వెతికితే గుండె, మూత్రపిండాలు, ఎముక మజ్జ అంటూ భయపెట్టే సంగతులన్నీ ఒకేసారి మీద పడతాయి. ‘ఏమీ కాదులే, చిన్న గడ్డేగా’ అని కాగితాన్ని బీరువాలో పెట్టేసేవారూ ఉంటారు. ఈ రెండూ ప్రమాదమే. అందుకే ఈ వారం ఈ అరుదైన సమస్యను వీలైనంత తేట మాటల్లో వివరించాలని అనుకున్నాము.

అమిలాయిడ్ అంటే ఏమిటి?

మన శరీరం నిత్యం వేలాది రకాల ప్రోటీన్లను తయారు చేసుకుంటుంది. ప్రతి ప్రోటీనూ మొదట పొడవాటి దారంలా పుట్టి, ఆ తరువాత తన పనికి తగ్గట్టు ఒక పద్ధతిలో మడత పడుతుంది. మడత సరిగా పడితేనే అది పని చేస్తుంది. కొన్నిసార్లు మడత తప్పుతుంది. అలా మడత తప్పిన ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని, నులక పేనినట్టు పెనవేసుకుని, సన్నని గట్టి పోగులుగా మారతాయి. మామూలుగా పాడైన ప్రోటీన్‌ను శరీరం విరగ్గొట్టి ఊడ్చేస్తుంది. ఈ పోగులు మాత్రం తేలికగా కరగవు. కణాల మధ్య ఖాళీల్లో పేరుకుపోతూ ఉంటాయి. ఆ పేరుకున్న పదార్థమే అమిలాయిడ్. దాని వల్ల వచ్చే జబ్బును అమిలాయిడోసిస్ అంటారు.

పేరు వెనుక ఒక చిన్న చరిత్ర ఉంది. 1854లో జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో ఈ పదార్థం మీద అయోడిన్ వేసి చూశాడు. గంజి మీద అయోడిన్ వేసినప్పుడు మారినట్టు రంగు మారేసరికి, ఇది పిండిపదార్థం లాంటిదే అనుకుని, పిండికి లాటిన్‌లో ఉన్న మాటతో ఆ పేరు పెట్టాడు. అయిదేళ్లు తిరగకముందే, 1859లో, ఇది పిండి కాదు, ప్రోటీన్ అని ఫ్రీడ్రైక్, కెకులే అనే ఇద్దరు తేల్చారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈ చరిత్ర వల్ల మనకు ఒక ఉపయోగం ఉంది. ‘ప్రోటీన్ పేరుకుంది’ అని డాక్టర్ చెప్పగానే ఇంట్లో పప్పు, గుడ్డు, పాలు, మాంసం మానిపించేస్తారు. అది పొరపాటు. మనం తిన్న పప్పు నాలుకలో గడ్డ కట్టదు. ఈ ప్రోటీన్ శరీరం తానే తయారు చేసుకున్నది. తిండి మానితే గడ్డ కరగదు సరికదా, మనిషి నీరసించిపోతాడు. పథ్యం ఏదైనా డాక్టర్ చెబితేనే పాటించాలి.

నోటిలోనే ఎందుకు?

మన రక్షణ వ్యవస్థలో ప్లాస్మా కణాలని ఉంటాయి. సూక్ష్మక్రిములను ఎదుర్కొనే యాంటీబాడీలను తయారు చేసేవి ఇవే. ఒక్కో యాంటీబాడీలో రెండు పెద్ద గొలుసులు, రెండు చిన్న గొలుసులు ఉంటాయి. ఆ చిన్న వాటిని లైట్ చెయిన్లు అంటారు. నోటి లోపలి పొర కింద ప్లాస్మా కణాల చిన్న గుంపు ఒకటి ఒకే రకం లైట్ చెయిన్‌ను అవసరానికి మించి తయారు చేస్తే, అది మడత తప్పి అక్కడికక్కడే పేరుకుపోతుంది. ఒక్క చోటికే పరిమితమైన అమిలాయిడ్ ఎక్కువగా ఈ రకమే. ఫ్యాక్టరీ, గోదాము రెండూ ఒకే చోట ఉన్నాయన్నమాట.

నోటిలో ఇది నాలుక మీద, బుగ్గ లోపల, అంగిలి మీద, పెదవిలో, చిగుళ్ల మీద, నాలుక అడుగున ఎక్కడైనా కనిపించవచ్చు. సాధారణంగా నొప్పి ఉండదు. నునుపుగా, కొంచెం గట్టిగా, కొన్నిసార్లు పసుపు ఛాయతో, మరికొన్నిసార్లు ఊదా మచ్చలతో ఉంటుంది. ఒకటే ఉండవచ్చు, నాలుగైదు కూడా ఉండవచ్చు. నెలల తరబడి, ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. కట్టుడు పళ్లు పెట్టుకోబోతే అడ్డు తగిలినప్పుడో, ముద్ద నమిలేటప్పుడు పంటి కింద పడి రక్తం వచ్చినప్పుడో చాలామందికి తెలుస్తుంది.

ఒక్క చోటికే పరిమితమయ్యే ఈ రకం నోటిలోకన్నా మూత్రాశయం, స్వరపేటిక, చర్మం, ఊపిరితిత్తులు వంటి చోట్ల ఎక్కువగా కనబడుతుంది. నోటిలో రావడం ఆ అరుదైన వాటిలోనూ అరుదు. కాబట్టి మీ ఊరి డాక్టర్ తన సర్వీసు మొత్తంలో ఒక్కటి కూడా చూసి ఉండకపోవచ్చు. అది ఆయన లోపం కాదు. అందుకే ముక్క పరీక్షకు అంత విలువ.

ముక్క పరీక్ష తప్పదు

కంటితో చూసి గానీ, చేత్తో తడిమి గానీ ఇది అమిలాయిడ్ అని ఎవరూ చెప్పలేరు. గడ్డలో కొంత భాగమో, చిన్నదైతే మొత్తమో తీసి ల్యాబుకు పంపాలి. అక్కడ ఆ ముక్కకు కాంగో రెడ్ అనే రంగు అద్దుతారు. నిజానికి ఇది పంతొమ్మిదో శతాబ్దంలో నూలు బట్టలకు వేయడానికి కనిపెట్టిన అద్దకపు రంగు. అమిలాయిడ్‌కు ఇది పట్టుకుంటుందని 1922లో బెన్‌హోల్డ్ చూపించాడు. ఆ రంగు పట్టిన ముక్కను ప్రత్యేకమైన కాంతిలో చూస్తే ఆకుపచ్చగా, పచ్చి ఆపిల్ పండు రంగులో మెరుస్తుందని 1927లో దివ్రీ గుర్తించాడు. ఇన్నేళ్లు గడిచినా నేటికీ అదే రుజువు.

ఇక్కడ సంఘ సభ్యులందరినీ ఒక మాట గట్టిగా కోరుతున్నాము. నోటిలో నుంచి తీసిన ఏ గడ్డనైనా, ఎంత చిన్నదైనా, పారవేయకుండా పరీక్షకు పంపమని అడగండి. ‘చిన్నదే కదా, తీసేశాం, ఇంక ఫర్వాలేదు’ అని ఎవరైనా అంటే మర్యాదగానే, కానీ తప్పకుండా అడగండి. రిపోర్టును పారేయకండి. ఆ ముక్కను ల్యాబువారు మైనంలో పొదిగి దాచిపెడతారు. తరువాత పెద్ద ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే దాన్నే అడిగి తీసుకెళ్లి మళ్లీ పరీక్ష చేయించవచ్చు. రెండోసారి కోయించుకునే బాధ చాలాసార్లు తప్పుతుంది.

అమిలాయిడ్ అని తేలిన తరువాత అది ఏ ప్రోటీన్‌తో తయారైందో కూడా తెలుసుకోవాలి. ఎందుకంటే చికిత్స దాన్ని బట్టే మారుతుంది. లైట్ చెయిన్లతో వచ్చేది ఒక రకం. ఏళ్ల తరబడి క్షయ, కుష్ఠు, కీళ్లవాతం వంటి జబ్బులు శరీరంలో మంటను రగిలిస్తూ ఉంటే వచ్చేది మరో రకం. చాలా ఏళ్లు డయాలిసిస్ మీద ఉన్నవారిలో వచ్చేది ఇంకొకటి. వంశపారంపర్యంగా వచ్చేవీ ఉన్నాయి. రకం తేల్చడానికి మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే పరీక్ష అన్నింటికన్నా నమ్మదగినది. అది అన్ని చోట్లా దొరకదు, ఖర్చు కూడా ఉంటుంది. మైనంలో దాచిన ముక్క విలువ అప్పుడు తెలుస్తుంది.

అసలు ప్రశ్న: నోటిలోనేనా, ఒళ్లంతానా?

ఈ వ్యాసంలో ఒక్క పేరానే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. నోటిలో అమిలాయిడ్ కనబడినప్పుడు డాక్టర్ ముందున్న అసలు ప్రశ్న దాన్ని ఎలా కోయాలి అన్నది కాదు. ఇది నోటికే పరిమితమా, లేక ఒళ్లంతా ఉన్న జబ్బు నోటిలో తొంగిచూస్తోందా అన్నదే ప్రశ్న. ఈ రెండూ పేరుకు ఒకటే గానీ, దారులు వేరు. మొదటిది ప్రాణం మీదికి తేవడం చాలా అరుదు. రెండోది గుండెను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, ఆలస్యం చేస్తే ప్రాణం తీస్తుంది.

ఒళ్లంతా వ్యాపించే లైట్ చెయిన్ రకంలో ప్లాస్మా కణాల ఫ్యాక్టరీ ఎముక మజ్జలో ఉంటుంది. అక్కడి నుంచి రక్తం ద్వారా ఆ ప్రోటీన్ అన్ని అవయవాలకూ చేరుతుంది. ఆ రోగుల్లో పదిమందిలో ఒకరిద్దరికి నాలుక మొత్తం లావెక్కి, బిగుసుకుని, అంచుల మీద పళ్ల గుర్తులు పడతాయి. మాట ముద్దగా వస్తుంది. నిద్రలో ఊపిరి అడ్డుపడుతుంది. ఒక చోట గడ్డ కాకుండా నాలుక అంతా లావెక్కిందంటే మరింత జాగ్రత్త పడాలి.

నోటి బయట కనబడే గుర్తులూ ఉన్నాయి. మూత్రంలో నురగ, కాళ్ల వాపు, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం, దెబ్బ తగలకుండానే కంటి చుట్టూ ఊదా రంగు మచ్చలు, రాత్రుళ్లు రెండు చేతుల వేళ్లకూ తిమ్మిరి, కారణం లేకుండా బరువు తగ్గడం. వీటిలో ఏది ఉన్నా దంత వైద్యుడితో కూడా చెప్పాలి. ‘పంటి డాక్టర్‌కు కాళ్ల వాపు గురించి ఎందుకు’ అనుకోవద్దు.

అందుకే గడ్డ ఒక్కటే ఉన్నా, మనిషి ఆరోగ్యంగానే కనబడుతున్నా, కొన్ని పరీక్షలు చేయిస్తారు. రక్తంలో, మూత్రంలో లైట్ చెయిన్లను కొలుస్తారు. అసహజమైన యాంటీబాడీ ఏదైనా ఉందేమో చూస్తారు. మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో చూస్తారు. మూత్రపిండాల, కాలేయం పనితీరు చూస్తారు. గుండెకు ఈసీజీ, ఎకో తీస్తారు. అవసరమైతే పొట్ట మీది కొవ్వును సూదితో కొద్దిగా తీసి కాంగో రెడ్ వేసి చూస్తారు, ఎముక మజ్జ పరీక్ష కూడా చేస్తారు. నోటిలో చిన్న గడ్డకు గుండె పరీక్ష రాశారని ఆసుపత్రివారిని అనుమానించవద్దు. ఈ ఒక్క సందర్భంలో అది న్యాయమైన పరీక్షే.

ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. లండన్‌లోని జాతీయ అమిలాయిడోసిస్ కేంద్రం వైద్యులు ఒక్క చోటికే పరిమితమైన లైట్ చెయిన్ అమిలాయిడ్ ఉన్న 606 మందిని ఏళ్ల తరబడి గమనించి 2015లో వివరాలు ప్రకటించారు. వారిలో జబ్బు ఒళ్లంతా వ్యాపించినది 7గురికే, అంటే నూటికి ఒకరికి. పరీక్షలన్నీ చేసి ‘ఇది నోటికే పరిమితం’ అని తేల్చారంటే గుండె మీద చేయి వేసుకుని నిద్రపోవచ్చు.

చికిత్స ఏమిటి?

నోటికే పరిమితమై, తినడానికి, మాట్లాడటానికి అడ్డు లేని చిన్న గడ్డ అయితే కొన్నిసార్లు ఏమీ చేయరు. ఆరు నెలలకో, ఏడాదికో చూసి కొలతలు రాసుకుంటారు. ‘మందు రాయలేదు, ఈ డాక్టర్‌కు ఏమీ తెలియదు’ అని మరొకరి దగ్గరికి పరుగెత్తనక్కరలేదు. గమనిస్తూ ఉండటం కూడా వైద్యమే.

అడ్డుగా ఉన్నా, పదే పదే రక్తం వస్తున్నా, పెరుగుతున్నా శస్త్రచికిత్సతో తీసివేస్తారు. కత్తితో కోయవచ్చు, కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తోనూ తీయవచ్చు. తీసేటప్పుడు నాలుక కదలిక, మాట, మింగడం దెబ్బతినకుండా చూడటమే ముఖ్యం. అందుకని గడ్డ పెద్దదైతే చుట్టూ మంచి కండను లోతుగా కోసి మొత్తం తెచ్చేయాలని పట్టుపట్టరు. క్యాన్సర్‌కు చేసినట్టు విస్తారంగా కోయవలసిన అవసరం దీనికి లేదు. మిగిలిన ప్లాస్మా కణాల వల్ల కొందరిలో అదే చోటో, పక్కనో మళ్లీ రావచ్చు. వస్తే మళ్లీ తీస్తారు. మళ్లీ వచ్చినంత మాత్రాన అది క్యాన్సర్‌గా మారిందని అర్థం కాదు.

నోటికే పరిమితమైన దానికి కీమోథెరపీ అవసరం ఉండదు. ఎవరైనా కీమో అంటే, ఒళ్లంతా జబ్బు ఉందని ఏ పరీక్షలో తేలిందో అడిగి తెలుసుకోండి, మరో నిపుణుడి సలహా తీసుకోండి.

రక్తస్రావం గురించి ఒక హెచ్చరిక. అమిలాయిడ్ రక్తనాళాల గోడల్లోనూ పేరుకుంటుంది కాబట్టి అవి పెళుసుగా ఉంటాయి. ఒళ్లంతా జబ్బు ఉన్న కొందరిలో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఒక పదార్థం కూడా తగ్గిపోతుంది. కాబట్టి శస్త్రచికిత్సకు ముందే రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పాలి. వాటిని సొంతంగా మానేయకూడదు. ఇంట్లో వెంట్రుకతో బిగించి కట్టడం, సున్నం పెట్టడం, గోటితో గిల్లడం, నాటువైద్యుడి చేత కాల్పించడం ఎంత మాత్రం వద్దు.

ఒళ్లంతా ఉన్న జబ్బు అయితే దారి మారుతుంది. మేడ మీద ట్యాంకు పొర్లుతుంటే కింద గచ్చు తుడుస్తూ కూర్చుంటే లాభం లేదు, ముందు పంపు కట్టాలి. అలాగే నాలుకను కోస్తే ఆ జబ్బు పోదు. ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలను అణచాలి. ఈ పని రక్త వ్యాధుల నిపుణులది. బోర్టెజోమిబ్, సైక్లోఫాస్ఫమైడ్, డెక్సామెథాసోన్ అనే మందులను కలిపి ఇస్తారు. 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వీటికి తోడుగా డారటుముమాబ్ ఇంజెక్షన్‌ను ఆమోదించింది. తగిన రోగులకు వారి మూలకణాలనే తీసి తిరిగి ఎక్కించే చికిత్స కూడా చేస్తారు. ఇవన్నీ గుండె బాగా దెబ్బతినక ముందే మొదలైతేనే ఎక్కువ మేలు. క్షయ వంటి దీర్ఘ జబ్బు వల్ల వచ్చిన రకానికైతే ఆ మూల జబ్బును నయం చేయడమే ప్రధాన చికిత్స. క్షయ మందులను మధ్యలో మానవద్దని ప్రతి సంఘంలో చెప్పడానికి ఇది మరో కారణం.

సంఘంగా మనం చేయగలిగింది

ఇది అంటువ్యాధి కాదు. గ్లాసు, కంచం, సంస్కారపు పాత్ర ద్వారా ఒకరి నుంచి ఒకరికి రాదు. ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టడానికి వెనుకాడనక్కరలేదు. ఇది ఎవరి పాపానికో వచ్చిన శిక్ష అని గుసగుసలాడటం, ఆ ఇంటివారి చెవిన పడేలా అనడం అంతకన్నా పెద్ద గాయం. నాలుక లావెక్కి మాట ముద్దగా వచ్చేవారిని తాగి ఉన్నారని అనుకునే ప్రమాదం కూడా ఉంది. కారణం తెలుసుకోకుండా తీర్పు చెప్పవద్దు.

గాయక బృందంలో పాడే సహోదరి పాటకు రావడం మానేసిందంటే, వాక్యం చదివే పెద్దాయన చదవడానికి తప్పించుకుంటున్నాడంటే, ఒకసారి ఇంటికి వెళ్లి నెమ్మదిగా అడగండి. నోటి సమస్యను చెప్పుకోవడానికి చాలామంది సిగ్గుపడతారు. ప్రార్థించండి, ప్రార్థించి ఆసుపత్రికి తోడు వెళ్లండి. ప్రార్థన చేస్తున్నాం కదా అని పరీక్ష వాయిదా వేయమని ఎవరికీ సలహా ఇవ్వవద్దు. పెద్ద పరీక్షల ఖర్చు ఒక కుటుంబానికి భారమైతే సంఘపు పరామర్శ నిధి ఇలాంటి వాటికే.

ఇంకో పని చేయవచ్చు. నోటిలో ఏ పుండైనా, గడ్డైనా, తెల్ల మచ్చైనా, ఎర్ర మచ్చైనా రెండు వారాలు దాటి తగ్గకపోతే దంత వైద్యుడికి చూపించుకోవాలని ఆదివారం ప్రకటనల్లో చెప్పండి. హైదరాబాదులోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. అలా చూపించుకున్నవారిలో అమిలాయిడ్ ఉన్నవారు ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. క్యాన్సర్ తొలి దశలో ఉన్నవారు ఒకరిద్దరు బయటపడినా ఆ ప్రకటన వృథా కాదు.

చివరగా, అమిలాయిడ్ అని రాసిన కాగితం చేతిలో ఉన్నవారు డాక్టర్‌ను అడగవలసిన ప్రశ్నలు నాలుగు. ఇది ఏ రకం ప్రోటీన్? నోటికే పరిమితమని ఏ పరీక్షలతో తేల్చారు? ఇప్పుడు తీయాలా, గమనిస్తే చాలా? మళ్లీ ఎప్పుడు రావాలి? ఈ నాలుగింటినీ ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి. జవాబులు దాని మీదే రాయించుకోండి. మీకు చదవడం రాకపోతే చదవగలిగినవారిని వెంట తీసుకెళ్లండి. మీ సంఘంలో అలాంటివారు తప్పకుండా ఉంటారు.